సంకోచశీలుడు అనుమానపాత్రుడగుట ఏల?

స్వభావముచేత మంచివాడై, పరులకు కీడు తలపెట్టుట కలలోనైనను ఎరుగనివాడై, ఉద్యోగమునందు శ్రద్ధయు పెద్దలయెడ వినయమును కలవాడై యుండియు, నలుగురి నడుమ నిలిచి నాలుగు మాటలు మాటాడవలసి వచ్చునప్పటికి గొంతు పెగలక, చూపు ఎచ్చట నిలుపవలయునో తెలియక, చేతులు ఏమి చేసికొనవలయునో తోచక తడబడు యువకుని ఎరుగనివారు మనలో అరుదు. అట్టివానిని చూచి పురుషులు జాలిపడుదురు, లేదా నవ్వుకొందురు. స్త్రీలు మాత్రము పలుమారు జాలిపడరు, నవ్వరు, తొలగిపోవుదురు. “అతను అదోలా చూస్తాడే” అని ఒకతె యనును. “మనిషి తేడాగా ఉన్నాడు, ఒక్కదానివే లిఫ్టు ఎక్కకు” అని వేరొకతె హెచ్చరించును. నేటి ఆఫీసులలోనైతే ‘క్రీపీ’ యను ఒక్క మాటతోనే తీర్పు ముగియును. ఆ మాట ఏనాడో చెవినిబడినప్పుడు ఆ యువకుడు, తాను చేసిన నేరమెట్టిదో తెలియక కుమిలిపోవును. కొందరు ఆ వేదనలో తమ్ము తామే ద్వేషించుకొందురు. మరికొందరు స్త్రీలనందరిని ద్వేషింప మొదలిడుదురు. మొదటి ద్వేషము మనిషిని లోలోపల తినివేయును. రెండవది అతడు ఎన్నడును కానివానిగా అతనిని నిజముగానే మార్చివేయును.

ఈ రెండింటినుండియు అతనిని కాపాడుటయే ఈ అధ్యాయమునకు ప్రయోజనము. సంకోచము నేరము కాదు; అయినను, దానిని చూచి ఒక స్త్రీ వెనుకంజ వేయుటయు నేరము కాదు. ఈ రెండు సత్యములను ఒక్కసారిగా మనస్సున నిలుపుకొనగలిగిన వానికే దారి కనబడును.

భయమునకు మూలము అస్పష్టత

అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున నాక్స్ కళాశాలకు చెందిన ఫ్రాన్సిస్ మెక్‌ఆండ్రూ, సారా కోన్కే అను మనోవిజ్ఞాన పరిశోధకులు 1,341 మందిని ప్రశ్నించి, ఎదుటి మనిషి ‘అదోరకముగా’ తోచుటకు కారణములేవో తెలిసికొనగోరిరి. 2016లో వారు ప్రకటించిన వ్యాసములో తేలిన విషయములు ఆలోచింపదగినవి. అట్టి గగుర్పాటును కలిగించువారు పురుషులే అయి ఉందురని అత్యధికులు భావించిరి. మరీ దగ్గరగా వచ్చి నిలుచుట, నవ్వరానిచోట నవ్వుట, సంభాషణను ముగియనీయక సాగదీయుట, మాటను ఎల్లప్పుడు ఒక్క విషయమువైపే, విశేషించి కామసంబంధమైన విషయమువైపు మరలించుట, ఎదుటివారికి తెలియకుండ వారిని గమనించుచుండుట — ఇట్టివి వారు పేర్కొనిన లక్షణములు. ఇట్లు తోచు మనుష్యులకు తాము అట్లు తోచుచున్నామను ఎరుక ఉండదని కూడ వారిలో అధికసంఖ్యాకులు చెప్పిరి.

పరిశోధకులు ఈ సమాధానములనుండి గ్రహించిన సారమేమనగా, మనస్సును గగుర్పొడిపించునది స్పష్టమైన ప్రమాదము కాదు. ప్రమాదము ఉన్నదో లేదో తేలని స్థితి. కత్తి పట్టుకొని ఎదురువచ్చువానిని చూచినవారు పరుగెత్తుదురు. అక్కడ ఆలోచనకు తావు లేదు. చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చు పొరుగింటి ముత్తవను చూచినవారు చిరునవ్వు నవ్వుదురు. అక్కడను ఆలోచనకు తావు లేదు. ఈ రెండింటి నడుమ, ఇతడు నాయొద్దకు ఏల వచ్చినాడు, ఏమి కోరుచున్నాడు, నేను లేచి పోవలయునా, లేచిపోయిన మర్యాద తప్పినదాననగుదునా అని మనస్సు ఎటును తేల్చుకొనలేక ఊగులాడునప్పుడు పుట్టునదే ఆ గగుర్పాటు. మన వేదాంతులు చెప్పు రజ్జుసర్ప దృష్టాంతము ఇచ్చట అక్షరాల అన్వయించును: మసక వెలుతురులో త్రాటిని చూచి పామని ఉలికిపడుటలో త్రాటి తప్పును లేదు, కంటి తప్పును లేదు, లోపమెల్ల వెలుతురునందే యున్నది. కావున, నేను త్రాడనే గదా, పామునని ఏల అనుకొంటివని తగవులాడుటవలన ప్రయోజనము లేదు. దీపము తెచ్చుట ఒక్కటే మార్గము.

ఇక, ఈ సందేహమున స్త్రీ ఎల్లప్పుడు జాగ్రత్తవైపే మొగ్గుటకు కారణమున్నది. ఎదుటివాడు మంచివాడై యుండగా ఆమె అనుమానించి తొలగినచో పోవునది ఒక పలకరింపు, ఒక పరిచయము మాత్రమే. ఎదుటివాడు దుష్టుడై యుండగా ఆమె నమ్మి నిలిచినచో పోవునది ఎంతయో చెప్పనలవి కాదు. నష్టములు ఇంత అసమానములైనచోట, పదిమారులు అనవసరముగా జాగ్రత్తపడి ఒక్కమారు ఆపదనుండి తప్పించుకొనుటయే వివేకము. చిన్ననాట కిక్కిరిసిన బస్సులోను, జాతరలోను, ట్యూషను దారిలోను ప్రతి ఆడుపిల్లయు నేర్చుకొన్న పాఠమిది; ఆమె ఎవరిపైనను పగబట్టి నేర్చుకొన్నది కాదు.

శరీరము చెప్పు మాటలు

సంకోచశీలుని వాక్యములలో దోషము మిక్కిలి తక్కువ. అతని శరీరము పలుకు భాషలోనే చిక్కంతయు నున్నది. దీనికి గట్టి సాక్ష్యము 2017లో నోవా సాసన్ మున్నగువారు ప్రకటించిన పరిశోధనమందు లభించుచున్నది. ఆటిజము కలిగిన వయోజనులు మాటాడుచుండగా తీసిన కొద్ది క్షణముల దృశ్యములను ఇతరులకు చూపినప్పుడు, చూచినవారు వారితో స్నేహము చేయుటకు అంతగా ఇష్టపడలేదు. ఆ మాటలనే కాగితముపై వ్రాసి చదువనిచ్చినప్పుడు ఆ అయిష్టము మాయమైపోయెను. మాట అదియే, మనిషి అతడే; వెగటు పుట్టించినది కంఠస్వరము, చూపు, కదలిక మాత్రమే. తొలిచూపు తీర్పు ఎంత అన్యాయముగా ఉండగలదో దీనివలన తెలియుచున్నది. సంస్కరింపవలసినది హృదయమును కాదనియు, ఆ హృదయము వెలికివచ్చు మార్గమును మాత్రమే అనియు కూడ దీనివలననే తెలియుచున్నది.

చూపునే తీసికొందము. లండనులోని సైన్సు మ్యూజియమును చూడవచ్చిన సుమారు 500 మందిపై జరిగి 2016లో వెలువడిన ఒక పరిశోధనములో, ఎదుటివారు తమ కన్నులలోనికి ఎంతసేపు చూచిన హాయిగా నుండునని అడుగగా, సగటున 3.3 సెకనులని తేలెను. సంకోచశీలుడు ఈ మధ్యేమార్గమును ఎరుగడు: సిగ్గుచేత అసలే చూడడు, లేదా చూడవలయునని ఎవరో చెప్పగా విని రెప్పవాల్పక చూచును. ఇంకను హానికరమైనది మూడవ రీతి: ఆమె చూడనప్పుడు చూచి, ఆమె చూచినంతనే దృష్టి మరల్చుకొనుట. అతనికది సిగ్గు, ఆమెకది పొంచియుండుట. దూరమును గూర్చి ఎడ్వర్డు హాల్ అను మానవశాస్త్రజ్ఞుడు 1966లో వెలువరించిన గ్రంథములో, అమెరికనుల వాడుకను అనుసరించి, అడుగున్నర లోపలి ప్రదేశము ఆత్మీయులదనియు, నాలుగడుగులవరకు మిత్రులదనియు, ఆపైన పన్నెండడుగులవరకు పరిచితులదియు కార్యార్థులదియు అనియు లెక్కకట్టెను. మన ఊళ్లలో ఈ కొలతలు కొంత కుదించుకొనునుగాని, క్రొత్తవాడు ఆత్మీయుల స్థలములోనికి అడుగిడినప్పుడు కలుగు ఉలికిపాటు ఎచ్చటనైనను ఒక్కటే. మాటాడునప్పుడు ఎదుటివారి హావభావములను అనుకరించుట సందర్భమునకు తగిన పాలునకు మించినను తగ్గినను వారికి నిజముగానే చలి తోచునని 2012లో మరియొక పరిశోధకబృందము చూపెను. ఒళ్లు చల్లబడినట్లైనదని మన స్త్రీలు చెప్పుట వట్టి అలంకారము కాదు.

వీటన్నిటికంటె లోతైన కారణము మరియొకటి గలదు. అది ఉద్దేశమును దాచుట. సంకోచశీలునకు ఆమెపై ఇష్టమున్నది. ఆ ఇష్టమును చూచి అతడే సిగ్గుపడును. కావున దానిని ఏదో ఒక పనియను ముసుగులో దాచి ఆమెయొద్దకు వచ్చును. అక్కరలేని సందేహము అడుగును, ఆమె బయలుదేరు వేళకే తానును బయలుదేరును, ఆమె టీ త్రాగుచోటనే తానును త్రాగును. ముసుగు ఎవరికైనను కనబడును. ముసుగు వెనుకనున్నది మాత్రము కనబడదు. ఆ కనబడనిది అమాయకమైన ఇష్టమే యని అతనికి తెలియునుగాని, ఆమెకు తెలియుటకు మార్గమేది?

మన పెంపకములోని లోటు

ఈ స్థితికి అతనిని ఒక్కనినే బాధ్యుని చేయుట న్యాయము కాదు. తెలుగునాట పల్లెలో అపరిచిత స్త్రీ యనునది పూర్వము ఉండెడిదే కాదు. ఎదురుపడిన ప్రతివారికి ఒక వరస ఉండెడిది: అక్కయో, వదినయో, పిన్నియో, అత్తయో. ఆ పిలుపుతోనే ఎంత చొరవ తగును, ఏ పరిహాసము చెల్లును, ఎచ్చట హద్దు అను విషయములన్నియు తేలిపోయెడివి. పిరికివాడైనను వరస పట్టుకొని నడువగలిగెడివాడు. నేడు హైదరాబాదు మాదాపూరులో ప్రక్క కుర్చీలో కూర్చుండి పనిచేయు యువతికి వరస లేదు. పేరు మాత్రమే కలదు. ఆ పేరుతో పిలిచినప్పుడు తామిద్దరు ఒకరికొకరు ఏమగుదురో ఎవరును చెప్పరు, తామే కుదుర్చుకొనవలయును. ఆ విద్యను అతనికి ఎవరును నేర్పలేదు.

నేర్పకపోవుటయే కాదు, నేర్చుకొను అవకాశమును కూడ లాగికొంటిమి. పదవ తరగతి ముగియగనే బాలురను బాలుర క్యాంపసునందు, బాలికలను బాలికల క్యాంపసునందు విడివిడిగా ఉంచి, ర్యాంకులే లోకముగా రెండేండ్లు బంధించు రెసిడెన్షియల్ కళాశాలలను మనమే కోరి పోషించితిమి. ఇంజనీరింగు చేరినను తరగతిలో ఒక ప్రక్క వారు, మరియొక ప్రక్క వీరు. తల్లితోను చెల్లెలితోను తప్ప మరి యే స్త్రీతోను పట్టుమని పదినిమిషములు మాటాడని యువకుడు ఇరువది రెండవ ఏట ఉద్యోగములోనో, సముద్రములు దాటి డాలసులోని విశ్వవిద్యాలయములోనో అడుగుపెట్టి, అందరికి సహజముగా వచ్చు నాలుగు మాటలు తనకేల రావని విస్తుపోవును.

ఈ శూన్యమును సినిమా పూరించినది, మిక్కిలి దుష్టముగా పూరించినది. నాయిక వలదన్నకొలది వెంటబడుటయే ప్రేమయనియు, ఆమె కోపము లోపలి ఇష్టమునకు పైపూత యనియు, చివరి రీలునాటికి ఆమె కరగక తప్పదనియు దశాబ్దములుగా మన తెర బోధించినది. చిత్రములో నాయకుని మనస్సు ప్రేక్షకునకు ముందే తెలియును. కావుననే అక్కడ భయము పుట్టదు. వాస్తవములో ఆమె ప్రేక్షకురాలు కాదు. పైగా స్త్రీ చూపు సాధారణ స్నేహమును పురుషుడు ఆకర్షణగా పొరబడు అలవాటు కలదని ఆంటోనియా ఆబీ అను మనోవిజ్ఞాన పరిశోధకురాలు 1982నాటి ప్రయోగములోనే చూపియున్నది. ఆమె నవ్వుతో ‘గుడ్ మార్నింగ్’ చెప్పినది, అంతే చెప్పినది.

మంచివాడును నటకుడును

ఇచ్చట ఒక కఠినసత్యమును చెప్పక తప్పదు. సంకోచమను చొక్కాను దుష్టులును తొడుగుకొందురు. తాకరానిచోట తాకి, అనరానిది అని, పట్టుబడగనే “వాడికి నలుగురిలో మెలగడం తెలియదు, పాపం” అని మిత్రులచేత చెప్పించుకొని తప్పించుకొనువారు కలరు. నిజమైన సంకోచశీలుని వీరినుండి వేరుచేయు లక్షణము ఒక్కటే: వలదనినప్పుడు అతడు ఆగిపోవును. తనవలన ఒకరికి ఇబ్బంది కలిగినదని తెలిసిన క్షణముననే అతడు సిగ్గుతో వెనుకకు జరుగును. రెండవవాడు దారి మార్చుకొని మరల వచ్చును.

చట్టమును ఈ గీతనే గుర్తించినది. స్త్రీ తన అనిష్టమును స్పష్టముగా తెలిపినను ఆమెను మరల మరల వెంబడించుట, సంప్రదింప యత్నించుట, ఇంటర్నెట్టులో ఆమె కదలికలను కనిపెట్టియుండుట నేరములని 2013లో శిక్షాస్మృతిలో 354–డి సెక్షను చేర్చబడెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. మొదటిసారికి మూడేండ్లవరకును, మరల చేసినచో ఐదేండ్లవరకును కారాగారశిక్ష పడవచ్చును. హైదరాబాదులో 2014 అక్టోబరులో ‘షీ టీమ్స్’ ఏర్పడినది ఇట్టి బాధలనుండి స్త్రీలకు రక్షణ కల్పించుటకే. మంచివాడు ఈ చట్టమును తనపై ఎక్కుపెట్టిన ఆయుధముగా భావింపనక్కరలేదు. అతడు నడువదలచిన దారికిరువైపుల నాటిన హద్దురాళ్లే అవి.

ఆచరింపవలసినవి

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, మీరు మాటకారులు కానక్కరలేదనియు, మీ ఉద్దేశము ఎదుటివారికి సులభముగా తెలియునట్లు నడచుకొనిన చాలుననియు గ్రహించియుందురు. దానికి సాధనములివి.

మొదటిది, పని ముందుగా చెప్పుడు. ఆమె బల్లయొద్దకు పోయి నిలిచి ఆమె తలయెత్తువరకు వేచియుండవలదు, కొంచెము దూరమునుండియే, “రిపోర్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలండి, ఇప్పుడు వీలవుతుందా?” అని అడుగుడు. ఎందుకు వచ్చితిరి, ఎంతసేపు ఉందురు అను రెండు ప్రశ్నలకును సమాధానము ముందే దొరికినచోట అనుమానమునకు చోటు లేదు. పని ముగియగనే సెలవు తీసికొనుడు. సంభాషణను చక్కగా ముగింపగలవానితో దానిని మరల మొదలిడుటకు ఎవరును జంకరు.

రెండవది, ఆమె వెళ్లిపోవుటకు దారి ఉంచుడు. లిఫ్టులోను, మెట్లదారిలోను, చీకటిపడిన పార్కింగులోను, ఆమె తప్పించుకొనలేని మరి యేచోటనైనను స్వవిషయములు ఎత్తవలదు. తలుపునకును ఆమెకును నడుమ నిలువవలదు. రాత్రివేళ నిర్జనమైన వీధిలో ముందు ఒక స్త్రీ నడచుచున్నచో, వీధి అవతలి ప్రక్కకు మారుడు, లేదా కొంత ఆగి నడువుడు. దీనివలన మీ గౌరవమునకు కొరత లేదు. ఆమెకు మాత్రము ఎంతో నెమ్మది కలుగును.

మూడవది, చూపునకును దూరమునకును ఒక క్రమము అలవరచుకొనుడు. మాటాడునప్పుడు ముఖము వంక చూచి, కొన్ని క్షణములకు దృష్టిని కాగితమువైపో కిటికీవైపో సహజముగా మరల్చి, మరల చూడుడు. చేయి చాచినను తగులనంత దూరమున నిలువుడు. ఆమె ఒక అడుగు వెనుకకు వేసినచో, ఆ అడుగును మీరు ముందుకు వేసి పూరింపవలదు. అది ఆమె తన శరీరముతో చెప్పిన మాట.

నాలుగవది, చనువు మెట్టుమెట్టుగా పెరుగునని ఎరుగుడు. ఆమె మీకు చెప్పినంతవరకే ఆమెనుగూర్చి మాటాడుడు. మూడేండ్ల క్రితము ఆమె ఇన్‌స్టాగ్రాములో పెట్టిన ఫొటోను వెదకి చూచి, “మీరు అరకు వెళ్లారు కదా” అని ప్రశ్నించుట స్నేహము కాదు, నిఘా. రూపమును పొగడుటకంటె పనిని మెచ్చుకొనుట మేలు.

ఐదవది, ఇష్టము కలిగినచో దానిని దాచి తిరుగుటకంటె, కొంత పరిచయము పెరిగిన పిమ్మట, ఆమె సులభముగా కాదనగలిగిన రీతిలో ఒక్కమారు అడుగుడు: “ఆదివారం కాఫీకి వెళ్దామా? వీలుకాకపోతే ఏమీ అనుకోను.” ఆ చివరి మాట నిజము కావలయును. కాదన్నచో అది ముగిసినది. “చూద్దాం”, “బిజీగా ఉన్నాను” అని రెండుమారులు దాటవేసినను కాదన్నట్లే. ప్రత్యుత్తరము రాని సందేశమునకు వెంట మరియొక సందేశము పంపవలదు. మన ఆడుపిల్లలకు మొగముమీద కాదనుట నేర్పలేదు. కావున మౌనమును అంగీకారముగా గాక నిరాకరణముగానే తీసికొనుట మీ ధర్మము. మీపై అధికారము కల స్త్రీతోనైనను, మీ అధికారమునకు లోబడిన స్త్రీతోనైనను ఈ ప్రసంగమే వలదు.

ఆరవది, ఏ ఫలమును ఆశింపని మాటలను దినదినము అభ్యసింపుడు. అపార్టుమెంటు వాచ్‌మన్‌తోను, కూరలమ్మతోను, క్యాంటీనులోని పెద్దవానితోను, మిత్రుని తల్లిదండ్రులతోను, బ్యాడ్మింటను ఆటలోని జట్టువారితోను మాటాడుచుండుడు. మాటలాడుటకు యువతి ఒక్కతెయే దొరకినవానికి ఆ మాట ప్రాణసంకటమగును. నలువదిమందితో మాటాడువానికి అది నలువదియొకటవది మాత్రమే. ఆ తేలికదనము ఎదుటివారికి తప్పక తెలియును.

ఏడవది, పొరపాటు జరిగినచో క్లుప్తముగా క్షమాపణ చెప్పి దూరము జరుగుడు. నేను అట్టివాడను కానని గంటసేపు వివరించుట, మిత్రులను రాయబారము పంపుట, నన్ను క్షమించినట్లు చెప్పుమని వేడుకొనుట — ఇవన్నియు ఆమెపై మరియొక భారము మోపుటయే.

సమాజమునకు ఒక మాట

ఎంత సాధన చేసినను కొందరి చూపు, స్వరము, కదలిక ఇతరులవలె మారవు. ఆటిజము వంటి స్థితులు కలవారు మనలో ఉన్నారు. వారిని మనము ఎంత పొరబడుదుమో వారును మనలను అంత పొరబడుదురనియు, లోపము ఇరువైపుల నున్నదనియు 2012లో డేమియన్ మిల్టన్ అను ఆటిజము కలిగిన పండితుడే వాదించెను. కావున, హద్దు మీరని మనిషిని కేవలము వింతగా ఉన్నాడని వెలివేయుట తగదు. ఒక నడవడి ఇబ్బంది కలిగించినప్పుడు అతని వెనుక గుసగుసలాడుటకంటె, అతని పురుషమిత్రులలో ఒకడు ప్రక్కకు పిలిచి, “ఒరేయ్, నువ్వు అలా నిలబడితే వాళ్లకి ఇబ్బందిగా ఉంటోందిరా” అని చెప్పుట నిజమైన ఉపకారము. ఆ పని స్త్రీలమీద వేయరాదు. భయపడినవారే బోధకులు కూడ కావలయుననుట అన్యాయము.

సంకోచశీలునకును ఒక ఊరట గలదు. క్రొత్తవారితో మాటాడి వచ్చినవారు, ఎదుటివారు తమ్ము ఇష్టపడిన దానికంటె తక్కువగా ఇష్టపడిరని ఊహించుకొందురని 2018లో ఎరికా బూత్‌బీ మున్నగు పరిశోధకులు చూపిరి. రాత్రి పక్కమీద దొర్లుచు మీరు తలచుకొని బాధపడు తడబాటులో సగము వారు గమనించియే యుండరు. వారు గమనించునవి వేరు: మీరు ఎందుకు వచ్చితిరో చెప్పితిరా, వెళ్లుటకు దారి విడిచితిరా, కాదన్నప్పుడు ఆగితిరా. ఈ మూడింటికిని వాక్చాతుర్యముతో పనిలేదు, అందముతో పనిలేదు, ధైర్యము కూడ అంతగా అక్కరలేదు. ఎదుటివారి మనశ్శాంతిని మన కోరికకంటె ఒక మెట్టు పైన నిలుపుట మాత్రమే కావలయును. అది ఎంతటి సిగ్గరికైనను సాధ్యము. రేపు ఆఫీసులో మీరు మాటాడబోవు మొదటి వ్యక్తితోనే దానిని ఆరంభింపుడు.